పాటకు ఎంత మెమొరీ కావాలి?

విజయనగరానికి విద్యలనగరమని మరో పేరు. గంటస్తంభం, మూడులాంతర్లు, అయ్యకోనేరు, కోట గోడలు... ఎటు తిరిగినా రాజుల కాలం పలకరిస్తుంది. ఆ కాలం మిగిల్చి వెళ్లిన ఆస్తుల్లో పెద్దది సంగీతం. 1919లో విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాల నెలకొల్పారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే ఆచార్యులయ్యారు. 1936లో ఆయనా ప్రిన్సిపాల్ అయ్యారు. మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకొంటూ ఘంటసాల చదువుకున్నది ఆ కళాశాలలోనే. పి.సుశీల సంగీతం నేర్చుకున్నదీ అక్కడే.

రెండు చేతులు, రెండు కాళ్లు, తల... ఈ అయిదింటితో ఒకేసారి అయిదు తాళాలు వేసేవారని నారాయణదాసుకు పేరు. ఆ రోజుల్లో మెమొరీ అంటే అదే! గురువు నోట విన్నది శిష్యుడి బుర్రలో నిలవాలి. నిలిచినవాడే విద్వాంసుడు.

ఇప్పుడు ఆ జిల్లాల్లో పాట బయటికి రావాలంటే ఇంకో మెమొరీ కూడా కావాల్సి వస్తోంది. జానెడు కూడా ఉండని సన్నటి పలక. కంప్యూటర్ మూత విప్పితే లోపల నిటారుగా నిలబడి ఉంటుంది. దాని పేరు ర్యామ్. అది చాలకపోతే పాట మధ్యలో ఆగిపోతుంది. సరిపడనిది కొంటే కంప్యూటర్ అసలు లేవనే లేవదు.

పడగ్గదే స్టూడియో

ఉత్తరాంధ్ర పాటకు గిరాకీ కొత్త కాదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఈ యాసనూ, ఈ దరువునూ ఊరూరా మోగించారు. 2020లో ఆయన కన్నుమూశారు. అదే ఏడాది వచ్చిన 'పలాస 1978' సినిమాతో ఇక్కడి జానపద బాణీలు మరోసారి తెలుగునాడంతా వినిపించాయి. ఇక యూట్యూబ్ సంగతి చెప్పక్కర్లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వస్తోందంటే అమ్మవారి పాటలు, రథసప్తమి వస్తోందంటే అరసవల్లి సూర్యనారాయణుడి పాటలు, సంక్రాంతికి పల్లెపాటలు. పండక్కి ముందే పాట రావాలి. పండగ దాటితే వినేవాళ్లుండరు.

ఇలాంటి పాటలకు చెన్నైయో, హైదరాబాదో వెళ్లనవసరం లేదు. చిన్న పట్నంలో ఓ గది చాలు. గోడలకు దళసరి దుప్పట్లు, ఓ మంచి మైకు, ఓ ఆడియో ఇంటర్‌ఫేస్, ఓ కీబోర్డు, మధ్యలో కంప్యూటర్. ఆ కంప్యూటర్ కొత్తదే అయి ఉండాలని లేదు. ఏ ఆఫీసులోనో అయిదారేళ్లు సేవచేసి, సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారిన డెస్క్‌టాప్ కావచ్చు.

చిక్కంతా అక్కడే. పాడేవాళ్లు ఆ రోజు కూలి మానుకుని పల్లె నుంచి వస్తారు. జముకు వాయించే మనిషి, వంత పాడేవాళ్లు, గజ్జెల వాళ్లు... అందరికీ బస్సు ఛార్జీలు, భోజనాలు. మూడో చరణం దగ్గర తెర బిగుసుకుపోతే? మళ్లీ మొదలుపెట్టొచ్చు, నిజమే. కానీ అరవై ఏళ్లు దాటిన గొంతులో మొదటిసారి వచ్చిన ఊపు రెండోసారి అడిగితే వస్తుందా?

గాదె వేరు, కళ్లం వేరు

'ర్యామ్ పెంచేస్తే పోతుంది' అన్నది అందరి నోటా వినిపించే సలహా. పెంచేముందు అసలు రోగం అదేనా అన్నది చూసుకోవాలి.

పల్లె లెక్కలో చెప్పాలంటే హార్డ్‌డిస్క్ గాదె లాంటిది. ధాన్యమంతా అందులో ఉంటుంది. ర్యామ్ కళ్లం. పని జరిగేది అక్కడ. గాదెలో ఎంత ధాన్యమున్నా కళ్లం ఇరుకైతే కొంచెం తీసి, కొంచెం పెట్టి, మళ్లీ తీసి... పొద్దంతా మోతకే సరిపోతుంది. కంప్యూటర్ బిగుసుకుపోవడమంటే చాలాసార్లు ఈ మోతే. ఇక ప్రాసెసర్ నూర్చే మనిషి. మనిషే నీరసంగా ఉంటే కళ్లం ఎంత పెద్దదైనా పని సాగదు.

ఈ మూడింట్లో ఏది తక్కువైందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అన్నిటికన్నా బరువైన పాట తెరిచి, అది మోగుతుండగా విండోస్‌లో టాస్క్ మేనేజర్ చూడాలి. మెమొరీ 90 శాతం దాటి, పక్కనే డిస్క్ కూడా ఊపిరాడకుండా తిరుగుతుంటే ర్యామ్ చాలడం లేదన్నమాట. మెమొరీ 60 శాతం దగ్గరే నిలకడగా ఉండి, పాటలో మాత్రం చిటపటలు వినిపిస్తుంటే తప్పు మరెక్కడో ఉంది. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ 128 శాంపిళ్లు పెడితే ప్రాసెసర్‌కు దొరికే వ్యవధి 2.67 మిల్లీసెకన్లు. ఆలోగా లెక్క తేల్చలేకపోతే చిటపటే! బఫర్‌ను 256కో, 512కో పెంచితే, లేదా ఇంటర్‌ఫేస్ డ్రైవర్ సరిచేస్తే పైసా ఖర్చు లేకుండా పోయే జబ్బు అది. దానికి ర్యామ్ కొంటే డబ్బు పోతుంది, చిటపట ఉంటుంది.

బొబ్బిలి వీణ చెప్పే లెక్క

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా వెళితే బొబ్బిలి. పక్కనే గొల్లపల్లి. బొబ్బిలి వీణలకు పుట్టిల్లు ఈ ఊరే. పనస దుంగను ఎంచి, ఎండబెట్టి, తొలిచి వీణ చేస్తారు. అతుకు లేకుండా ఒకే దుంగలోంచి మలిచిన దాన్ని ఏకాండి వీణ అంటారు. వాయించే తీగలు నాలుగు, తాళం తీగలు మూడు, మెట్లు 24. ఆ మెట్లను మైనం మీద ఒక్కొక్కటీ చెవితో సరిచూసి నిలబెట్టాలి. ఒక వీణకు కుదిరిన కొలత ఇంకో వీణకు కుదురుతుందన్న నమ్మకం లేదు. ఈ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఈ వీణను పాటలోకి తెచ్చే దారులు రెండు. ఒకటి, వైణికుణ్ని పిలిచి మైకు ముందు కూర్చోబెట్టడం. రెండు, ఎక్కడో ఎవరో స్వరం స్వరం విడిగా రికార్డు చేసి అమ్మే శాంపుల్ లైబ్రరీ కొని, కీబోర్డు మీద వాయించడం. ర్యామ్ లెక్క ఈ రెంటికీ పూర్తిగా వేరు.

మొదటి దారిలో లెక్క చూడండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతలో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.64 మెగాబైట్లు. అయిదు నిమిషాల పాటలో వీణ, జముకు, డప్పు, గజ్జెలు, గొంతులు కలిపి పది ట్రాకులనుకుంటే మొత్తం 432 మెగాబైట్లు. అది కూడా ఒక్కసారిగా ర్యామ్‌లోకి ఎక్కదు. మోగేటప్పుడు డిస్క్ నుంచి కొంచెం కొంచెంగా వస్తుంది. అంటే మనుషులు వాయించి, మనుషులు పాడే పాటకు 8 జీబీ ర్యామ్‌తో నెట్టుకురావచ్చు. 16 జీబీ ఉంటే హాయిగా సాగుతుంది.

రెండో దారి అలా కాదు. లైబ్రరీలో ఒక్కో స్వరం మెల్లగా వాయించింది, గట్టిగా వాయించింది, మీటింది, జార్చింది అంటూ పదుల రకాలు. మీట నొక్కగానే పలకాలి కాబట్టి ప్రతిదాని మొదటి ముక్కా ముందుగానే ర్యామ్‌లో కూర్చుంటుంది. ఒక్క వీణతో ఆగితే సరే. వెనకాల వయొలిన్ల బృందం, కోరస్, పెద్ద డ్రమ్ములు చేరాయంటే 16 జీబీ ఇట్టే నిండిపోతుంది. సినిమా నేపథ్య సంగీతం స్థాయికి వెళ్లేవాళ్లు 32, 64 జీబీలు పెట్టుకోవడానికి కారణం ఇదే.

తప్పెటగుళ్ల బృందం ఎదురుగా ఉండి వాయిస్తుంటే దానికి కావాల్సింది ఆ మోతను తట్టుకునే మైకు, ప్రతిధ్వని లేని గది. జముకుకైతే తీగ లాగినప్పుడు వచ్చే ఆ వంపును పట్టుకోవడానికి ఓ నిశ్శబ్దమైన మధ్యాహ్నం కావాలి. అలాంటి పాటలు చేసేవాళ్లు ర్యామ్ మీద పెట్టే అదనపు డబ్బును మైకు మీద పెడితే వినేవాడికి తేడా తెలుస్తుంది. ఎంత ర్యామ్ కావాలన్నది దుకాణదారుకన్నా పాటే బాగా చెబుతుంది.

శ్రీకాకుళంలో మూత విప్పితే...

బొబ్బిలి నుంచి రాజాం మీదుగా వస్తే శ్రీకాకుళం. ఊరి మధ్యలో నాగావళి, కాస్త దూరంలో కళింగపట్నం దగ్గర వంశధారను కలుపుకొనే సముద్రం. ఈ తీరంలో ఇనుప గేటు ఎంత త్వరగా తుప్పు పడుతుందో అందరికీ తెలుసు. అదే ఉప్పు గాలి కంప్యూటర్‌లోకీ వెళుతుంది. అందుకే ఇక్కడ కొత్త ర్యామ్ గురించి ఆలోచించేముందు పాతదాన్ని ఓసారి బయటికి తీయాలి. ప్లగ్గు పీకి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని, పలక అంచున ఉన్న బంగారు రంగు పట్టీలను మెత్తటి పెన్సిల్ రబ్బరుతో సుతారంగా తుడిచి, పొడి దులిపి మళ్లీ బిగిస్తే కొన్ని కంప్యూటర్లు అంతటితోనే దారికొస్తాయి.

నిజంగానే ర్యామ్ పెంచాలనుకుంటే మొదట చదవాల్సింది మదర్‌బోర్డును. దాని పేరు, మోడల్ నంబరు బోర్డు మీదే అచ్చేసి ఉంటాయి. తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ఏ రకం మెమొరీ పడుతుందో, ఎన్ని స్లాట్లో, ఒక్కో స్లాటుకు ఎంతో, మొత్తం ఎంతవరకో తెలిసిపోతుంది. పరీక్షించి చూసిన ర్యామ్‌ల జాబితా కూడా చాలా బోర్డులకు దొరుకుతుంది.

రకం అన్నది అన్నిటికన్నా ముఖ్యం. డీడీఆర్3 2007లో, డీడీఆర్4 2014లో మార్కెట్లోకి వచ్చాయి. ఆ తర్వాతది డీడీఆర్5. ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. డీడీఆర్4కూ, డీడీఆర్5కూ డెస్క్‌టాప్‌లో పిన్నులు 288 చొప్పున సమానమే. కానీ మధ్యలో ఉండే గాటు చోటు మారుతుంది, వోల్టేజీ మారుతుంది. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. ప్రాసెసర్ పేరు చూసి కొనేయడమూ ప్రమాదమే. 2021లో వచ్చిన ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు డీడీఆర్4, డీడీఆర్5 రెంటితోనూ పనిచేస్తాయి. బోర్డు మాత్రం సాధారణంగా ఒక్కదానికే ఒప్పుకుంటుంది.

సెకండ్‌హ్యాండ్ ఆఫీసు కంప్యూటర్లలో తరచూ కనిపించే హెచ్61, హెచ్81 బోర్డులకు డీడీఆర్3 స్లాట్లు రెండే. మొత్తం 16 జీబీ దాటదు. అలాంటి దానిలో 32 జీబీ కలలు కనడం వృథా. పైగా ఆ కాలపు ప్రాసెసర్లు విండోస్ 11 అర్హుల జాబితాలో లేవు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరుతో ఆగిపోయింది. ఇంటర్నెట్ కలపకుండా రికార్డింగుకే వాడుకుంటే ఫర్వాలేదు కానీ, దానిమీద పెద్దమొత్తం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిందే.

ల్యాప్‌టాప్‌లది ఇంకో కథ. వాటికి పొట్టి పలకలు కావాలి. డెస్క్‌టాప్‌వి పట్టవు. డీడీఆర్3 కాలపు కొన్ని ల్యాప్‌టాప్‌లు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకానికే ఒప్పుకుంటాయి. 1.5 వోల్టులది పెడితే లేవవు. చాలా పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. 2020లో ఎం1 చిప్‌తో మొదలైన యాపిల్ ల్యాప్‌టాప్‌లదీ అదే దారి. కొన్నరోజు ఎంత ఉంటే ఎప్పటికీ అంతే.

విశాఖ బస్సెక్కే ముందు

చిన్న పట్నంలో కోరిన రకం ర్యామ్ దొరక్కపోతే విశాఖ వెళ్లాల్సిందే. విజయనగరం నుంచి గంటన్నర పైచిలుకు ప్రయాణం. శ్రీకాకుళం నుంచైతే వంద కిలోమీటర్లు దాటి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి దుకాణానికి వెళ్లి 'ర్యామ్ కావాలి' అంటే మొదట వచ్చే ప్రశ్న 'ఏ బోర్డండీ?' అనే. జవాబు లేకపోతే తిరుగు బస్సే గతి. జవాబు తప్పయితే ఇంకా నష్టం. సీలు విప్పిన ర్యామ్‌ను వెనక్కి తీసుకోవడానికి చాలా దుకాణాలు ఒప్పుకోవు.

అందుకే జేబులో ఓ చీటీ ఉండాలి. దానిమీద బోర్డు మోడల్, ప్రాసెసర్ పేరు, ఉన్న స్లాట్లు ఎన్ని, అందులో నిండినవి ఎన్ని, ఇప్పటి ర్యామ్ రకం, సామర్థ్యం, వేగం రాసుకోవాలి. ఇప్పుడున్న పలక మీది స్టిక్కర్‌ను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకుంటే మరీ మంచిది. మూత విప్పడం భయమైతే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం చాలావరకు చెప్పేస్తుంది.

దుకాణంలో గుర్తుంచుకోవాల్సినవి మరికొన్ని. 16 జీబీ కావాలంటే ఒకే పలకకన్నా 8 జీబీలవి రెండు, అదీ ఒకే ప్యాకెట్‌లో వచ్చే జత తీసుకోవడం మేలు. రెండు ఎడ్లు కట్టిన బండిలా రెండు దారుల్లో డేటా నడుస్తుంది. పాతదానికి కొత్తది జతచేయాలనుకుంటే రెండూ నెమ్మది ఎద్దు నడకే నడుస్తాయి. 2400 వేగం దానికి 3200ది జోడిస్తే సాధారణంగా రెండూ 2400 దగ్గరే ఆగుతాయి. కొన్నిసార్లు అసలు పొసగవు. బోర్డు 2666కు మించి ఒప్పుకోనప్పుడు 3600 అని రాసి ఉన్నదానికి ఎక్కువ ధర పెట్టడం కూడా దండగే. పాటల పనికి వేగంకన్నా నిలకడ ముఖ్యం.

చవకలోనూ రెండు ఉచ్చులున్నాయి. పాత సర్వర్ల నుంచి ఊడదీసిన రిజిస్టర్డ్ రకం ర్యామ్ తక్కువ ధరకు కనిపిస్తుంది. అది మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో పనిచేయదు. 'ఏఎండీ బోర్డులకు మాత్రమే' అని చిన్న అక్షరాలతో అమ్మే డీడీఆర్3 పలకలూ ఉన్నాయి. అవి ఇంటెల్ బోర్డుల్లో లేవవు. 2025 చివర్లో కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీతో ప్రపంచమంతటా ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ధర పెరిగేకొద్దీ ఇలాంటి చవక సరుకు మీదికి మనసు లాగుతుంది. జాగ్రత్త పడాల్సిందీ అప్పుడే.

ఒక్క రాత్రి పరీక్ష

తెచ్చిన ర్యామ్‌ను బిగించడం అయిదు నిమిషాల పని. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో రెండు పలకలనూ సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టమంటారు. బోర్డు పుస్తకంలో చూసి నిర్ధారించుకోవాలి. కొక్కేలు 'టక్'మనే దాకా సమంగా నొక్కాలి. డీడీఆర్5 అయితే మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కంగారుపడి స్విచ్ కట్టేయకూడదు.

తెర వెలిగింది కదా అని అదేరోజు రికార్డింగ్ పెట్టుకోవడం మాత్రం తొందరపాటే. ర్యామ్‌లో లోపమంటే ప్రతిసారీ కంప్యూటర్ ఆగిపోవడమే కాదు. ఏమీ జరగనట్టే ఉండి, లోపల ఓ అంకె మారిపోవచ్చు. పాత కేసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లకు ఇది మరీ ప్రమాదం. ఇరవై ముప్పై ఏళ్లు అటక మీద పడి ఉన్న టేపు మళ్లీ ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. అందులో పాడిన మనిషి ఇప్పుడు లేకపోవచ్చు. ఫైలు చెడిపోయిందని ఏడాది తర్వాత తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

దీనికి మందు మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రాం. పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి పడుకోబోయే ముందు దానితో కంప్యూటర్ మొదలుపెడితే ర్యామ్‌లోని ప్రతి గదినీ రాసి, చదివి, మళ్లీ రాసి చూస్తుంది. పొద్దున్నకి లెక్క తేలిపోతుంది. తప్పుల సంఖ్య సున్నా ఉండాలి. ఒక్కటి కనిపించినా ఆ ర్యామ్‌ను నమ్మకూడదు. వేగం పెంచే ఎక్స్ఎంపీ లాంటి అమరిక ఉంటే తీసేసి, ఒక్కో పలకనూ విడిగా పరీక్షించాలి. అప్పటికీ తప్పు చూపిస్తే వారంటీ కింద మార్పించుకోవడమే. అందుకే బిల్లు పారేయకూడదు.

తెల్లారి సున్నా కనిపిస్తే, అప్పుడు ఊళ్లోకి కబురు పెట్టొచ్చు... జముకు పట్టుకుని రమ్మని.